సర్దార్ బీ డాబా మీది వాన సీసా

ఎనభై నాలుగులో, పాత పట్టణంలో, మా పక్కింటి సర్దార్ బీ డాబా మీద ఒక ఆఫీసరుగారు వాన నీళ్ళకి సీసా పెట్టి, వానాకాలమంతా వారం వారం పరీక్షకి పట్టుకెళ్ళారు. లెక్క తేలిందని ఆమెకి చెప్పడానికి ఆయన వచ్చిన రోజు పిట్టగోడ ఇవతల నేను మిరపకాయలు ఎండబెడుతున్నాను.

“మామ్మగారూ, ఫ్యాక్టరీ పొగలోని నత్రజని వానతో దిగి మన మంచినీళ్ళ చెరువుల్లోకి ఎంత చేరుతుందో కంప్యూటర్ లెక్క కట్టేసింది. మీ వీధి వాన పంపునీళ్ళంత శుభ్రం!”

“పంపునీళ్ళే కదా బాబూ.”

“అంటే?”

“వాన నీళ్ళు నల్లగా దిగీవి. ఇంటికొచ్చిన మనిషి చేతికి మురికినీళ్ళు ఎలాగిస్తాం? పారబోసి, సీసా తోమి, పంపునీళ్ళు పట్టీదాన్ని.”

“ప్రతి వారమా?”

“ఒక్క వారం తప్పనేదు. ఆ నల్లనీళ్ళు తోటకూరకి పోసీదాన్ని. సూడు, యూరియా ఎయ్యకుండానే నడుమెత్తు పెరిగింది.”

“కొంప ముంచారు! ఆ లెక్క చూసే ఇక్కడ ఇంకో పొగగొట్టానికి రేపు సంతకం పెడుతున్నారు.”

“అదేటి, మా ఇంటి పక్కనా?”

“మీ ఇంటి పక్కనే.”

సర్దార్ బీ మూలనున్న సీసా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“ఈ వారంది ఇంకా పారబొయ్యనేదు బాబూ. ఇది పట్టుకెళ్తావా, మీవోళ్ళకి పంపునీళ్ళే కావాలా?”