గంప ఎత్తిన నాడు

(నల్గొండలో ఒక స్కానింగ్ సెంటర్. దసరా వెళ్లిన వారం, పొద్దటి పూట. గోడ పక్క కుర్చీల్లో అత్త గుర్వమ్మ, కోడలు త్రివేణి.)

"...గుడ్డు తిను అంటే తినవు, పాలు తాగు అంటే తాగవు. లోపటికి పోతే డాక్టర్ మేడం నన్నడుగుతది. ఏమమ్మా, కోడలికి తిండి పెడతలేవా అని."

"తిన్న గద అత్తమ్మ, బస్సుల."

"సగం తిన్నవు. సగం కవర్ల చుట్టి సంచిల పెట్టినవు. నేను సూడలేదనుకున్నవా?"

"కడుపుల తిప్పింది."

"నీకు కడుపుల తిప్పుతది, నాకు మోకాళ్లు గుంజుతయి. ఎన్నిసార్లు తిరిగినమే ఈ జాగకు? వచ్చుడు, కూసునుడు, పిల్ల చిన్నగుంది అనిపించుకునుడు, పోవుడు."

"నువ్వు రాకున్నా అయ్యేది. ఆయన వస్తనన్నడు."

"వాడొస్తే గొర్లెంట ఎవరు పోతరు? మీ మామకు చూపు ఆనకపాయె. నేనే రావాలె."

"అయితే ఇక్కడనే కూసో. ఈసారి లోపటికి నేనొక్కదాన్నే పోత."

"ఎందుకు?"

"ఊకెనే."

"ఊకెనే ఏంది? మేడం ఏమడిగినా నువ్వు నోరు తెరువవు. తిండి అడిగితే నేను చెప్పాలె, తారీఖు అడిగితే నేను చెప్పాలె. పిల్ల తిరుగుతాందా అంటే ఒక్కదానికే తలకాయ ఊపుతవు."

"నువ్వు నన్ను చెప్పనిస్తెనా?"

"ఏందీ?"

"ఏం లేదు."

"ఏం లేదంటవు, మొఖం అట్ల పెడతవు. లోపల భయమైతాందా?"

"అయితాంది. ఆ సల్లటి జిగురు పూసి ఒత్తుతాంటే మేడం టీవీ దిక్కే చూస్తది. మాట్లాడదు. తలకాయ కొలుస్తది, కాలు బొక్క కొలుస్తది, పొట్ట కొలుస్తది. మళ్ల ఎనక్కి వచ్చి మళ్ల పొట్టే కొలుస్తది. ఆమె మాట్లాడకుంటే నాకు పానం పోతది అత్తమ్మ."

"మాట్లాడితే నాకు పోతది. ప్రతిసారి చిన్నగుంది అనే మాటే."

"కడుపు మీద చెయ్యి పెట్టుకోబుద్ధి అయితలేదు. చెయ్యి పెడితే చిన్నగ తగులుతదేమో అని."

"గట్ల అనకు. మీ వదినె ఫోన్ జేసి ఏమన్నదో ఎరుకేనా? అమ్మా, కడుపుతోటున్నదానికి కడుపు నిండ పెడతలేవంట గదా అని. కన్నబిడ్డ, నన్ను గామాట అన్నది. మంద కాడ పాలు పిండి ముందుగాల నీకే పోస్తున్న. అందరికంటె ముందు నీకే."

"నేను అనలేదు అత్తమ్మ ఆమెతోటి."

"నువ్వన్నవని అంటున్ననా? అలసిపోయి అంటున్న."

"త్రివేణి! త్రివేణి ఎవరమ్మా?"

"మేమే సిస్టర్. పోవాల్నా?"

"ఆగు పెద్దమ్మ, లోపల ఒకామె ఉంది. ఆమె తర్వాత మీరే. పాత రిపోర్టులన్ని తెచ్చిన్రా? బట్టలు తెచ్చుకున్నరా?"

"తెచ్చినం. చేరాల్సొస్తదా?"

"ఇయ్యాల గూడ పిల్ల ఎదగక గట్లనే ఉంటే ఇటు నుంచి ఇటే దవాఖానకు పోయి చేరుడే. రేపు ఆపరేషన్ చేసి తీస్తరని మేడం మొన్ననే చెప్పింది గద."

"చెప్పింది. మంచిది సిస్టర్."

"రేపేనా అత్తమ్మ?"

"చూసినవా, రేపే అంట. ఏం గాదులే బిడ్డ. తొమ్మిదో నెల నడుస్తాంది. తీస్తే తీస్తరు."

"తీసి అద్దాల పెట్టెల పెడతరు. పోయినసారి నా పక్కకు కూసున్న పానగల్ ఊరామె చెప్పింది. వాళ్ల చెల్లె పిల్లను గట్లనే తీసిన్రంట. ఊపిరి పీల్చే బలం లేక..."

"ఊకో. ఎవరిదో మనకెందుకు?"

"మనది గూడ గట్లనే అయితే?"

"ఊకొమ్మన్న. మనం గొర్లెంట పోకుండ ఊళ్లెనే ఉండి, మూడో నెలలనే ఈడికి వచ్చుంటే ఇంత కాకపోవు. ఆరో నెల దాంక స్కానింగే తీయకపోతిరి అని మేడం తిట్టనే తిట్టింది. ఏం చేద్దాం, ఎండకాలం ఊళ్లె మేతెక్కడిది? అసలు మాఘమాసంల మన దేవుని గట్టు జాతర నుంచి వచ్చినప్పటి సంది మన ఇల్లు ఇల్లుగ లేదు. వచ్చినమో లేదో గొర్లు మూతులు వాసి సగం మంద పాయె. ఇగ ఇప్పుడు ఇది."

"అత్తమ్మ, గా ముచ్చట వద్దు."

"ఎందుకొద్దు? ఎవతో బయటుండి, మైలతోటే గట్టెక్కింది. కులపోళ్లందరు అదే అన్నరు. దేవునికి కోపమొచ్చె."

"చచ్చిన గొర్లను చూసి నువ్వు దొడ్డి ముంగట నిలబడి తిట్టినవు. యాదికుందా?"

"మంద పోయినంక తిట్టనా? కడుపు మండి ఏదో తిట్టిన."

"నాకు యాదికుంది. ఎవతి చేసిందో దాని కడుపు ఎండిపోను అన్నవ్."

"అంటే అన్న. నీకేందే?"

"అది నేనే అత్తమ్మ."

"ఏది నువ్వే?"

"మైలతోటి గట్టెక్కింది. జాతర పొద్దున డేరాల లేచేసరికి బయటైన. నువ్వు అప్పటికే దేవుని బోనం గంపకు పసుపు రాసి పెట్టినవు. కొత్త కోడలు, మొదటి గంప అని నా నెత్తి మీద చుట్టబట్ట పెడుతున్నవు. చుట్టాలంత చుట్టు నిలబడ్డరు, డోళ్లు కొడుతున్నరు. చెబుదామని నీ చెయ్యి పట్టుకున్న. భయమైతాందా, ఏం గాదులే అన్నవ్. గంప ఎత్తి నా నెత్తిన పెట్టినవ్."

"మెల్లగ మాట్లాడు."

"నడుచుకుంట ఏడ్చిన. భక్తితోటి ఏడుస్తాంది అన్నరు అందరు. నీ తిట్టు నాకే తగిలింది అత్తమ్మ. అందుకే పిల్ల ఎదుగుతలేదు. నాకు ఎరుకే. అన్నం ముంగట కూసున్నప్పుడల్లా అదే యాదికొస్తది, ముద్ద దిగదు. ఏదన్న అను. కొట్టు, పడుత."

"ఊకో జర."

"అనరాదు..."

"ఊకో అంటున్న గద. లెక్క పెట్టుకోనీ."

"ఏం లెక్క?"

"జాతర నాడు బయటైంది నిజమేనా? ఏదో మరక పడితే భయపడ్డవా?"

"మరక గాదు. ఎప్పటి లెక్కనే అయింది. ఊరికొచ్చినంక గూడ ఉండె. నీకు తెల్వకుండ తిరిగిన."

"మరి ఊళ్లె ఆశా వర్కరమ్మ వచ్చి ఆఖరుకు ఎప్పుడు బయటైనవని అడిగిన నాడు, జాతర కంటె ముందటి నెల అని ఎందుకు చెప్పినవే?"

"నువ్వు పక్కనే ఉంటివి. జాతర నాడు అంటే ఆడనే దొరుకుత గద. ముందటి నెలది చెప్పిన. ఆమె అదే రాసుకున్నది. ఈడికొస్తే నువ్వు గూడ అదే చెప్తివి. నెల అటో ఇటో, ఏమైతదిలే అనుకున్న."

"నెల అటో ఇటోనా? ఓసి పిచ్చిదానా. మందల పుట్టినదాన్ని నేను, నాకన్న రావొద్దా ఈ సోయి? పోయినసారి మేడం ఏమన్నది? చెప్పు."

"చిన్నగుంది అన్నది."

"దానెంట ఇంకేమన్నది? పిల్ల పెరుగుతనే ఉంది గని ఎప్పుడు చూసినా నెల ఎనకనే ఉంటాంది, పిల్లకు రక్తం మంచిగనే పోతాంది, నాకే అర్థమైతలేదు, తారీఖు కరెక్టేనా అన్నది."

"అన్నది. నువ్వు కరెక్టే అన్నవ్."

"అన్న. ఒక్కసారి గాదు, అడిగినప్పుడల్లా అన్న. త్రివేణీ, జాతర నాడు నువ్వు బయటైతే అప్పటికి కడుపే లేదు గదనే."

"అంటే?"

"అంటే పిల్ల చిన్నది గాదు. దాని నెలలు నిండలే. ఎంతుండాల్నో అంతే ఉందేమో అది. ఇట్ల చూడకు నన్ను. రేపు తీస్తరంట, పండని దాన్ని. లే."

"అత్తమ్మ, మరి తిట్టు?"

"నా నోట్ల మన్నుపడ. నా మనవణ్ణో మనవరాలినో నేనే తిట్టుకుంటి. తగిలిందో తగల్లేదో, దేవుని సంగతి దేవునితోటి నేను చూసుకుంట. ముందుగాల ఈ మేడంతోటి మాట్లాడాలె."

"ఈడ చెప్తే ఇంట్ల తెలుస్తది. మామకు, వదినెకు, కులపోళ్లకు. గొర్లన్ని నా వల్లనే పోయినయంటరు. బతకనిస్తరా నన్ను?"

"ఎవరన్న అడిగితే ముసల్ది లెక్క తప్పింది అను."

"నిన్నంటరు."

"ఇప్పుడు అంటలేరా? కోడలికి తిండి పెడతలేదు అనిపించుకున్న, ఇంకో మాట అనిపించుకుంట. మొఖం తుడుసుకో."

"నీకు కోపం లేదా?"

"ఉంది. మస్తుంది. కాన్పైనంక తిడత. అప్పటి దాంక తిను."

"త్రివేణి, లోపటికి రా. పెద్దమ్మ, నువ్వు గూడ రా."

"వస్తున్నం సిస్టర్."

"ఎక్కి పడుకో అమ్మా. పిల్ల కదులుతోందా? ఈరోజు చూసి ఏదో ఒకటి నిర్ణయం చేద్దాం. చీర కొంచెం కిందికి అను."

"మేడం, జర ఆగుండ్రి. మిషను పెట్టకముందు ఒక మాట చెప్పాలె."

"ఏంటమ్మా?"

"తారీఖు తప్పు మేడం. మేం చెప్పినదానికి నెల తర్వాతది."

"తప్పా? వచ్చినప్పుడల్లా అడిగాను కదమ్మా. తప్పు చెప్పిందెవరు?"

"నేనే మేడం. చదువు లేనిదాన్ని, నెల లెక్క తప్పిన."

"ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమని ఎట్లా అనుకోవాలి? గట్టిగా గుర్తుందా?"

"గట్టిగ ఉంది మేడం. గట్టు జాతర నాడు. ఆ పొద్దున ఇది బయటైన అని నాతోటి చెప్పింది, అందుకనే గంప నేనే ఎత్తుకున్న."