గడ్డం గీయించుకున్న షిల్లింగు

సెలూన్ రాకెట్టు నోరు తెరిచాడంటే గోడమీది బల్లి కూడా పురుగుని వదిలేసి చెవులు రిక్కిస్తుంది. ఆయనకా పేరు ఊరికే రాలేదు. కథ మొదలెట్టినప్పుడు నేలమీదే ఉంటాడు, అగ్గి అంటుకున్నాక పైకి పోవడమే గానీ ఎవరి పైకప్పు మీద పడతాడో ఆయనకే తెలీదు. ఇరవయ్యారేళ్ళుగా అదే కుర్చీ, అదే అద్దం, అదే కత్తెర. కథ మాత్రం రోజుకొకటి. జుట్టు కత్తిరించుకోడానికొచ్చి, కథ అయ్యేలోపు మళ్ళీ జుట్టు పెరిగిపోతే, ఇంకోసారి కత్తిరించుకుని వెళ్ళినవాళ్ళు తక్కువలో తక్కువ నలభైమంది ఉంటారు.

ఆ రోజు పొద్దున కుర్చీలో కూర్చున్నది మామూలు గిరాకీ కాదు. మాస్టారు. ఒకప్పుడు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఇప్పుడు పాత నాణేలు పోగుచేసేవాళ్ళ సంఘానికి పెద్ద. ఆదివారం గ్రంథాలయం హాల్లో సంఘం వాళ్ళ నాణేల ప్రదర్శన. బల్లమీద ఒకే ఒక్క చోటు మిగిలింది, అది కొత్తగా చేరినవాళ్ళలో ఎవరికివ్వాలో ఇవాళ మాస్టారు తేలుస్తారు.

రాకెట్టుకి నాణేల పిచ్చి పట్టి మూడు నెలలు. ఆ చోటు తనదేనని వీధి వీధంతా చెప్పేసుకున్నాడు. పెళ్ళాం తన చెల్లెళ్ళు ముగ్గురికీ కబురు పెట్టింది. ఎదురుకొట్టు దర్జీ, నాణెం పడుకోడానికని, గోరంత నీలం మఖమలు దిండు నాలుగు మూలలా కుచ్చులతో కుట్టిచ్చాడు.

ఏర్పాట్లన్నీ బాగానే ఉన్నాయి గానీ, జేబులో ఉన్న షిల్లింగు, అదే పాత ఇంగ్లండు నాణెం, దానిమీద ఇప్పుడు రాజు లేడు. వెనకవైపు ఉండాల్సిన సింహమూ లేదు. రెండువైపులా నున్నటి గుండు. చూపిస్తే చోటు పోతుంది, చూపించకపోయినా పోతుంది. అందుకని రాకెట్టు మాస్టారి రెండు చెంపలకీ నురుగు పట్టించి, నోరు తెరిస్తే సబ్బు లోపలికి పోయేలా పెదాల మీద కూడా ఇంకాస్త దట్టించి, కథ అందుకున్నాడు.

“నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కానని మీకు తెలుసుగా మాస్టారూ. నాదంతా ఉన్నదున్నట్టే.”

బెంచీ మీద పేపరు చదువుతున్న దర్జీ దగ్గాడు. పక్కనే సంచీ దించుకుని కూర్చున్న పోస్టుమాన్, “మొదలైంది,” అని చెప్పులు విప్పి కాళ్ళు పైకి పెట్టుకున్నాడు.

“పాతసామాన్ల కొట్టుకెళ్ళానా, అక్కడో రేకుడబ్బా నిండా బొత్తాలు. తెల్లవీ నల్లవీ, కొమ్మువీ గాజువీ, వెయ్యి ఉంటాయి, కాదు, పదివేలు. నేను చెయ్యి పెట్టలేదు మాస్టారూ, ఊరికే అలా చూశాను. చూస్తే, అన్నిటి కిందా ఒకటి నల్లగా, ‘నన్ను తియ్యి’ అన్నట్టుంది. తీశాను. షిల్లింగు! గడ్డం రాజు ఒకవైపు, కిరీటం మీద నిలబడ్డ సింహం ఇంకోవైపు, ఏడాది చూస్తే పందొమ్మిది వందల పదకొండు. మీరు చెప్పారుగా, ఇరవైకి ముందువైతే నూటికి తొంభై రెండున్నర పాళ్ళు వెండి, ఆ తర్వాత సగమే, నలభై ఏడు నుంచీ వెండి వాసన కూడా ఉండదని. నా గుండె ధడేలుమంది.”

ఇంతవరకూ నిజమే. రాకెట్టు కథలో నిజం ఎప్పుడూ ముందే వచ్చి ముందే వెళ్ళిపోతుంది.

“మీరు నేర్పిన పరీక్షలన్నీ వరసగా పెట్టాను. ముందు అయస్కాంతం. వెండైతే అంటుకోకూడదుగా? అంటుకోలేదు. అంటుకోకపోవడమేంటి, అయస్కాంతమే సిగ్గుపడి బల్లమీంచి రెండడుగులు వెనక్కి జరిగింది. తర్వాత మోగించి చూడమన్నారు. ఈ రాతిపలక మీదే వేశాను. ఖణేల్! ఏం మోత! ఆ మోతకి అద్దంలో నా బొమ్మ తువ్వాలు కింద పడేసుకుంది. వీధి చివర బళ్ళో పిల్లలు ఇంటిగంట కొట్టారనుకుని సంచులు తగిలించుకుని ఇళ్ళకెళ్ళిపోయారు.”

“నువ్వా నాణెం తెచ్చింది ఆదివారం కాదూ అన్నా?” అన్నాడు పోస్టుమాన్.

“అదేగా విచిత్రం! ఆదివారం నాడు బడికి పరిగెత్తుకెళ్ళి మరీ తిరిగొచ్చారు!”

మాస్టారు నురుగులోంచి “ఊఁ” అన్నారు. ఆ “ఊఁ” ఎటు తూగిందో తెలియక రాకెట్టు కత్తి తీశాడు, కుడిచెంప మీద రెండు గీతలు గీశాడు, ఆపేశాడు. గడ్డం పూర్తయితే మాస్టారు నోరు విప్పుతారు. నోరు విప్పితే నాణెం అడుగుతారు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? భూతద్దం పెట్టి చూస్తున్నానా, రాజుగారు ‘హూఁ’ అన్నారు. నేను అద్దం వంక చూశాను, తలుపు వంక చూశాను, ఎవరూ లేరు. మళ్ళీ ‘హూఁ’. ‘ఏం కావాలి సార్?’ అన్నాను.”

“ఏ భాషలో మాట్లాడాడు బావా, రాజు?” దర్జీ పేపరు మడిచాడు.

“ఈ కుర్చీలో కూర్చున్నాక అందరిదీ ఒకటే భాష బావా. మెడ వంచమంటే వంచడం, తిప్పమంటే తిప్పడం. ఆయనన్నాడూ, ‘అబ్బాయీ, చూశావుగా, నా బొమ్మ చెక్కినవాడు ఒక్క చెంపే చెక్కాడు. రెండో చెంప వందేళ్ళకు పైగా లోపలివైపే ఉండిపోయింది. దురద! కాస్త గీసిపెట్టు’ అని. సరే తిప్పండన్నాను. తిప్పాడు. నా సామిరంగా! ఇటు చెంపకి చక్కగా కత్తిరించిన గడ్డం, అటు చెంపకి, వందేళ్ళనుంచీ కత్తి తగలని గడ్డం! బుస్సుమని బయటికొచ్చింది. కుర్చీ నిండింది, గది నిండింది, గడప దాటింది, వీధిలో పడింది. ఒక సైకిలాయన అందులో చిక్కుకుపోయి గంటసేపు బెల్లు కొట్టాడు, ఎక్కడున్నాడో తెలీక ఆ బెల్లు వింటూ వెళ్ళి లాక్కొచ్చాం. తొమ్మిది కత్తులు మొద్దుబారిపోయాయి. ఆ వెంట్రుకలతో పదకొండు పరుపులు నింపారు.”

“పరుపులు కుట్టేది ఈ వీధిలో నేనొక్కణ్ణేగా,” అన్నాడు దర్జీ. “నా దగ్గరికి ఒక్కటీ రాలేదే?”

“నీ దగ్గరికి తేవడానికి అవి మామూలు పరుపులా? రాజుగారి గడ్డం! పడుకున్నవాడు లేవమంటే లేవడే, లేపినవాడికి శిక్ష వేస్తాడే!”

పోస్టుమాన్ నవ్వి నవ్వి సంచీ మీద పడ్డాడు, ఉత్తరాలు జారి నేలమీద పరుచుకున్నాయి. నవ్వు దొరికేసరికి రాకెట్టుకి ఇంక నేల కనపడలేదు.

“ఇంతా అయ్యాక, నాణెం అవతలివైపునుంచి గుర్రు! సింహం! ‘రాజుకైతే గడ్డం, నాకు జూలు లేదా? కిరీటం మీద నిలబడి నిలబడి కాళ్ళు పీక్కుపోతున్నాయి, కూర్చోబెట్టు’ అంది. కూర్చోబెట్టాను. ఇదిగో, మాస్టారు కూర్చున్న చోటే. గుడ్డ కప్పాను. పొట్టిగానా పొడుగ్గానా అనడిగాను. ‘వేసవి కదా, కాస్త గాలాడేలా’ అంది. నేను మనసు పెట్టి కత్తిరించాను. చివర్లో వెనకనుంచి చిన్నద్దం చూపిస్తానుగా, చూపించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“చెప్పు, చెప్పు!”

“చూసుకుని భోరుమంది. జూలు పోతే ఏముంది, మిగిలేది పిల్లి! ‘ఈ మొహంతో మళ్ళీ నాణెమెక్కను’ అంది. రాజుగారేమో గడ్డం తడుముకుంటే చేతికి ఏమీ తగల్లేదు, ‘ఈ మొహంతో వెళితే మా ఇంట్లో నన్ను లోపలికి రానివ్వరు’ అన్నారు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని బస్సెక్కారు. కండక్టరు టిక్కెట్టడిగితే రాజుగారు జేబులు వెతుక్కున్నారు. ఏదీ చిల్లర? ఆయనే చిల్లర! చివరికి సింహం ఒకసారి ఆవులిస్తే కండక్టరు తన డబ్బులే పెట్టి ఇద్దరికీ టిక్కెట్లు చింపాడు.”

రాకెట్టు ఊపిరి తీసుకుని గొంతు తగ్గించాడు.

“అందుకని మాస్టారూ, నాణెం రెండువైపులా ఖాళీ. రాజున్న షిల్లింగు ఎవడి దగ్గరైనా ఉంటుంది. రాజు దిగి వెళ్ళిపోయిన షిల్లింగు ప్రపంచం మొత్తమ్మీద ఇదొక్కటే. ఆదివారం బల్లమీద దీనికి చోటివ్వకపోతే నష్టం నాకు కాదు, బల్లకి.”

జేబులోంచి తీసి నీలం దిండు మీద పెట్టాడు. అద్దం ముందు తళతళా మెరిసింది. అంత అందమైన, అంత పనికిరాని వెండిబిళ్ళ ఈ భూమ్మీద ఇంకోటుండదు. దర్జీ వంగి చూశాడు. తన దిండు వంక ఒకసారి, నాణెం వంక ఒకసారి చూసి మళ్ళీ పేపరు విప్పుకున్నాడు. అది చూసి రాకెట్టుకి భయమేసింది.

మాస్టారు లేవడానికని కుర్చీ పక్కన వేలాడుతున్న తోలుపట్టీని పట్టుకున్నారు. కత్తికి పదును పెట్టే పట్టీ అది. పట్టుకుని, ఆగి, అరచెయ్యి తిప్పి చూసుకున్నారు. చెయ్యంతా బూడిదరంగు నలుపు, అందులో అక్కడక్కడా మెరుపు. పట్టీ మీద చూస్తే, షిల్లింగు వెడల్పున, పైనుంచి కిందిదాకా అదే చార.

తువ్వాలుతో పెదాల మీది నురుగు తుడుచుకున్నారు.

“రాకెట్టూ.”

“చెప్పండి మాస్టారూ.”

“రాజుగారు బస్సెక్కలేదు. ఇదిగో, నా అరచేతిలో ఉన్నారు. ఇది ముక్కా, చెవా?”

పోస్టుమాన్ నవ్వబోయి రాకెట్టు మొహం చూసి మానేశాడు. సెలూన్లో ఫ్యాను కూడా తప్పుచేసినట్టు తిరిగింది.

“ముక్కు,” అన్నాడు రాకెట్టు, కత్తి మడిచి పక్కన పెట్టి. “ముందు ముక్కే పోయింది మాస్టారూ.”

“రుద్దొద్దని మొదటిరోజే చెప్పానా లేదా? నలుపు ఎన్నో ఏళ్ళ మీద పడుతుంది, అదే దాని వయసు, దాన్ని ముట్టుకోవద్దన్నానా?”

“అన్నారు. కానీ నల్లగా ఉంది మాస్టారూ! నా కొట్లోకి మాసి వచ్చినవాడు మెరవకుండా బయటికి వెళ్ళిన రోజు లేదు. చెయ్యి ఆగలేదు. పదును పెట్టే పచ్చమందు కాస్త రాసి, రెండంటే రెండు సార్లు లాగాను. ముక్కు కాస్త తగ్గింది. ముక్కు తగ్గితే గడ్డం పొడుగ్గా కనపడుతోంది, గడ్డం తగ్గించాను. ఇప్పుడు చెవి ఎత్తైంది. సైడ్ లాకులు చూశారుగా, ఒకటి పొట్టయితే రెండోది సమానం చెయ్యాలి, అది పొట్టయితే ఇది… అలా సమానం చేసుకుంటూ సమానం చేసుకుంటూ పోతే, అంతా సమానమైపోయింది.”

“మరి సింహం?” అన్నాడు దర్జీ.

“ముందువైపు మెరుస్తుంటే వెనకవైపు మాసి ఉంటే బావుంటుందా బావా?”

రాకెట్టు దిండు మూలనున్న కుచ్చుని వేలితో సరిచేస్తున్నాడు. ముగ్గురు మరదళ్ళు కొత్త బట్టలు కట్టుకుని ఆదివారం హాలు గుమ్మంలో నిలబడినట్టూ, బల్లమీద ఖాళీచోటు చూసి పెళ్ళాం తలవంచుకున్నట్టూ అప్పుడే కళ్ళముందు కనపడిపోయింది. ఆ ఒక్క బొమ్మలో మాత్రం ఆయన ఏదీ పెంచలేదు.

మాస్టారు నాణేన్ని అంచులు మాత్రమే పట్టుకుని వెలుతురులో తిప్పారు. అంచు గీతలు ఒక్కటే మిగిలాయి.

“బల్లమీద చోటు నీదే,” అన్నారు.

“ఆఁ?”

“రుద్దకండి, రుద్దకండి అని ఎంతమందికి చెప్పినా నోటి మాట ఎవరూ వినరు. నువ్వు విన్నావా? రుద్దితే ఏమవుతుందో కళ్ళతో చూడాలి. ఇది పెట్టు. కానీ కింద చీటీ నువ్వే రాయాలి, నీ చేత్తో. ఒక్క వాక్యం. అందులో ఉన్నదున్నట్టే ఉండాలి. సింహం ఆవులించిందని రాశావో, చోటు పోయినట్టే.”

పోస్టుమాన్ సంచీలోంచి కలమిచ్చాడు, దర్జీ కొలతలు రాసుకునే పుస్తకంలోంచి కాగితం చింపాడు. రాకెట్టు కాగితం ముందు కూర్చున్నాడు. తొమ్మిది కత్తులు మొద్దుబారేంత గడ్డం గీసిన మనిషికి ఒక్క వాక్యం దగ్గర చెమటలు పట్టాయి. మొదటి మాట రాశాడు, కొట్టేశాడు. ‘నాణెం అరిగిపోయింది’ అని రాశాడు. మాస్టారు తల అడ్డంగా ఊపారు. ‘ఎవరో అరగదీశారు’ అని రాశాడు. మాస్టారు కుర్చీలోంచి లేవబోయారు. రాకెట్టు కాగితం తిప్పి, ఖాళీవైపు రాశాడు:

‘ఈ షిల్లింగుని నేనే తోలుపట్టీ మీద రుద్ది పాడుచేశాను.’

రాసి, కింద పేరు పెట్టి, ఎవరో గుండెలమీంచి గ్రంథాలయం హాలంత బరువు తీసేసినట్టు ఊపిరి వదిలాడు. మరదళ్ళు చదివితే చదవనీ. మాస్టారు చెయ్యి చాపారు. అంతలో రాకెట్టు కాగితం వెనక్కి లాక్కుని, కళ్ళు మెరుస్తుండగా, పేరు పక్కనున్న ఖాళీలో ఇంకో ముక్క గిలికాడు. పోస్టుమాన్ పైకి చదివాడు:

“‘ఇంత నున్నగా పాడుచేసినవాడు ప్రపంచంలో ఇంకొకడు లేడు.’”

మాస్టారు కలం తీసుకుని ఆ ముక్క అడ్డంగా కొట్టేశారు.

“అబద్ధం.”

“ఎలా అబద్ధం మాస్టారూ? పట్టుకు చూడండి, ఈగ వాలితే జారి పడుతుంది! ఇంతకంటే నున్నగా ఎవడు రుద్దాడో చూపించండి!”

“నేను. నా మొదటి నాణెం, నలభై ఏళ్ళ కిందట. నువ్వు తోలుమీద రుద్దావు, నేను ఇటుకపొడితో రుద్దాను. చిల్లు పడింది.”

దర్జీ, పోస్టుమాన్ ఒకేసారి మాస్టారి మొహంలోకి చూశారు. కుడిచెంప సగం గీసి ఉంది, ఎడమచెంప మీద నురుగు ఎండి పెచ్చులు కట్టింది, ఆ మొహంలో నవ్వు ఎక్కడా లేదు.

“ఎంత చిల్లు మాస్టారూ?” అన్నాడు రాకెట్టు, చిన్నగొంతుతో.

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, గీయమన్నట్టు మెడ చాపారు.

“కొలిచాను. నాణెం కంటే రవ్వంత పెద్దదే.”