బేసిక్ నత్త, ఫోర్త్ గుర్రం

అన్న పోయాక, ఆయన మంచానికి ఎదురుగా ఉన్న కంప్యూటర్ వైర్లు విప్పడానికి వచ్చాడు టీవీలు బాగుచేసే తమ్ముడు. వదిన గుమ్మంలోనే నిలబడింది.

"దాని సంగతి తర్వాత, చిన్నబ్బాయ్. ముందిది చెప్పు. చివర్లో మీ అన్నయ్యకి తెలివుందా, లేదా?"

"లేదొదినా. ఎన్నిసార్లు చెప్పాలి? పక్షవాతం మెదడు దాకా పాకిందన్నారుగా డాక్టరు."

"డాక్టరుకేం, చెప్తాడు. మాట పడిపోయినా మొదట్లో చక్కగా రాసేవారు. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే, కావాల్సింది రాగానే బొటనవేలితో మీట నొక్కేవారు. తెలుగు మాటే, ఇంగ్లీషు అక్షరాల్లో. 'దిండు' అన్నారు. 'కిటికీ తియ్యి' అన్నారు."

"అది బేసిక్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రామొదినా. నత్త. ప్రతి మాటా కూడబలుక్కుని, అప్పుడు పనిలోకి దిగుతుంది. అదే మాట మళ్ళీ వస్తే మళ్ళీ కూడబలుక్కుంటుంది. 'దిండు' అనేసరికి అన్నయ్యకి తలప్రాణం తోకకొచ్చేది. చూడలేక ఫోర్త్ అనే ఇంకో భాషలో తిరగరాశాను. అది ఒక్కసారి నేర్చుకుందంటే ఇక గుర్రమే."

"ఆ గుర్రం వచ్చాకే పిచ్చిరాతలు మొదలయ్యాయి."

"రోగం ముదిరింది. మధ్యలో గుర్రమేం చేసింది?"

"నేనేమీ అనట్లేదయ్యా. తెలివి లేదంటే చాలు నాకు. ఎందుకంటే... పక్కింటావిడతో ఆయన ముందే అనేశాను. ఈ చాకిరీ ఇంకెన్నాళ్ళు, పోయినా బాగుండునని."

"వినలేదొదినా. విన్నా తలకెక్కదు."

"ఒట్టు?"

"ఒట్టే."

"మరి పిచ్చిరాతైతే రోజూ అదే ఎందుకు రాస్తారు? నాకు కంఠతా వచ్చేసింది. ఎన్, ఎఫ్, ఎమ్, ఎమ్, బి, హెచ్, బి."

"ఏదీ, మళ్ళీ చెప్పు."

"ఎన్, ఎఫ్, ఎమ్, ఎమ్..."

"ఆగాగు. ఎన్‌కి ముందు ఎమ్. ఎఫ్‌కి ముందు ఈ. ఎమ్‌కి ముందు ఎల్... ఇంకో ఎల్... ఏ... జి... ఏ... అయ్యో, అన్నయ్యా!"

"ఏంటి? ఏమైంది?"

"ఏం లేదు. ఆ స్క్రూడ్రైవరిలా ఇవ్వు."

"చెప్పేదాకా ఇవ్వను."

"నా గుర్రం వేగానికి, అన్నయ్య వేలు నొక్కేలోపు వెలుగు పక్క అక్షరానికి దూకేసేదొదినా. ప్రతిసారీ... ఒక్కటి, ఒక్కటే వెనకబడ్డాడు. 'మెల్లగా' అన్నాడు. అంతే. రోజూ మెల్లగా, మెల్లగా అని..."

"అయితే... నేనన్నదీ విన్నారన్నమాట."