ఏసేపు క్లారినెట్టు, బండెడు చింతకాయలు

"కూసో గోపన్నా, కూసో. డోన్ బస్సు ఇంగా రాలేదులే. వచ్చినా డ్రైవరు గిడ్డమ్మ కాడ టీ తాగంది కదల్డు. అంతలోపల నేనొక మాట చెప్తా, ఇనిపో. ఆ సంచిలో ఏముండాదో నాకు తెల్సు. తమలపాకులు, వక్కలు. దేవరకు డీజే ఆయప్పకు తాంబూలం ఇచ్చేదానికి పోతాండావు. అవునా, కాదా?"

గోపన్న గిడ్డమ్మ టీ అంగడి బెంచీ మీద కూర్చుని సంచిని ఒళ్లోకి లాక్కున్నాడు. పెద్దమ్మ దేవర జాతర కమిటీలో ఆయన మాటే మాట. తాంబూలం ఒకసారి అవతలి చేతిలో పడిందంటే ఇక ఆ ఏటికి మేళం ఎవరిదో తేలిపోయినట్టే.

"నా ఒక్కనిదా మారెన్నా? కమిటీ అంతా అనుకున్నాం. వయసు పిల్లోల్లు డీజే లేకుంటే రామంటాండారు."

"రాకుంటే పోనీ! అమ్మవారు వస్తాది గదా, సాలదా?" మారెన్న బెంచీ మీద చేత్తో గట్టిగా చరిచాడు. బ్యాండుసెట్టులో పెద్ద డ్రమ్ము ఆయనది. డ్రమ్ము దగ్గర లేనప్పుడు ఏది దొరికితే దాన్ని వాయిస్తాడు. "ఇదో, ఈడ కూసోనుండాడే, ఏసేపన్న, ఈయప్ప ఎవురనుకున్నావు?"

బెంచీ చివర ఏసేపు బన్ను టీలో ముంచుకుని తింటున్నాడు. సెట్టుకు మాస్టరు ఆయనే. క్లారినెట్టు పెట్టె కాళ్ల దగ్గర ఉంది. మారెన్న బలవంతం మీద వచ్చాడు.

"ఏసేపు నాకు తెలీదా ఏంది?" అన్నాడు గోపన్న.

"తెల్సునా? అయితే నీ ఫోను తీ. తీయప్పా! ఈయప్ప నంబరు ఏమని రాసుకున్నావు, జయరాజ్‌కు చూపీ."

ఆటో నడిపే జయరాజ్ గోపన్న భుజం మీదుగా తొంగి చూసి కిసుక్కున నవ్వాడు. "బ్యాండు అని ఉండాది మామా."

"చూస్తివా! బ్యాండు! పేరు లేదు, ఊరు లేదు. ఈ తట్టు ఇన్ని ఊర్లల్లో ఏ ఆడబిడ్డ అత్తగారింటికి పోయినా ఈయప్ప పాట ఇంటానే పాయె. ఎవురు సచ్చినా ఈయప్ప పాట ఇంటానే మట్టిలోకి పాయె. అయినా పేరు బ్యాండు! పెండ్లి వీడియోలో చూడు, మా కోట్లు కనపడతాయి, ఉబ్బిన బుగ్గలు కనపడతాయి, సద్దు మాత్రం ఏదో సినిమా పాట ఏసింటారు. మేం మూగోళ్ల మాదిరి నోర్లు ఆడిస్తాంటాం. కడుపు మండదా? యాడో టీవీలో ఒక పాట పాడినోనికి శాలువాలు, ఫ్లెక్సీలు. మాకేమో 'బ్యాండోళ్లు జరగండి, పెండ్లికొడుకు కారు పోవల్ల' అని. అన్నానికి పోతే చివరి బంతి. చారు నీళ్లు!"

"బీపీ పెరుగుతాది, మెల్లగ" అంది గిడ్డమ్మ. పొయ్యి పక్కన చాట పెట్టుకుని తొక్కు కోసం పచ్చి చింతకాయలకు పీచు తీస్తోంది.

"పెరగనీ! పోయిన యేడు కొండకింద పల్లె దేవరలో ఏం జరిగిందో చెప్తా, ఇనండి. ఇన్నాక గూడా ఈయప్ప బస్సెక్కితే నేను డ్రమ్ము ఇరగ్గొట్టి పొయ్యిలో పెడతా. ఆ ఊరోళ్లు ఏం చేసినారు, డీజేనూ పిలిచినారు, మమ్మల్నీ పిలిచినారు. ఈ పక్క మేము, ఆ పక్క లారీ మింద డబ్బాలు. ఇండ్లంత డబ్బాలప్పా ఒకొక్కటి! వాడు మొదులుపెట్టినాడు, దడాదడా. ఏసేపన్న ఏమీ మాట్లాడల్యా. క్లారినెట్టు తీసినాడు, మూతికాడి రీడు నోట్లో పెట్టి తడుపుకున్నాడు, ఊదినాడు. అంతే. డీజే వాడు వానంతట వాడే సద్దు తగ్గించుకున్నాడు. సిగ్గుపడినాడు పాపం."

"అది జరిగింటాది" అన్నాడు జయరాజ్.

"జరిగింటాది కాదు, జరిగింది! నేనుంటి గదా! ఆమీట ఏమయ్యిందో తెల్సునా? డీజే ముందర ఎగురుతాండే పిల్లోల్లంతా ఒకొక్కడే ఒకొక్కడే మా తట్టుకు వచ్చిరి. ముసిలోల్లు మంచాలు దిగి వచ్చిరి. ఒగ ఎనుము పలుపు తెంపుకొని వచ్చి నా డ్రమ్ముకు తల ఆనిచ్చి నిలబడె. డీజే వాని డ్రైవరు గూడా లారీ దిగి వచ్చి మా ఎనక చేతులు కట్టుకొని నిలబడె. ఆ లారీ కాడ ఎవురుండారు? ఒగ కుక్క. అది గూడా చెవిటి కుక్క."

గిడ్డమ్మ చాట పక్కకు పెట్టి నవ్వింది. గోపన్న మాత్రం రోడ్డు వైపు చూశాడు.

"ఆ తట్టు చూడగాకప్పా, బస్సు రాలే. ఈ తట్టు చూడు! డీజే వానికి కడుపు మండింది. ఏం చేసినాడు? చింతకాయ. ఊదేవాని ముందర చింతకాయ చప్పరిస్తే ఏమయితాదో మీకు తెల్సు గదా. వానికి నోరూరతాది, రీడు నానిపోతాది, పాట బుస్సుమంటాది. మొదుల ఒగణ్ణి పంపినాడు. వాడు ఒగ కాయ కొరికి టక్కు టక్కుమని నాలిక కొట్టినాడు. ఏసేపన్న కన్ను గూడా ఆర్పల్యా. ఇద్దర్ని పంపినాడు. కదల్లే. అప్పుడు ఫోను చేసినాడప్పా బద్వేలుకు! బద్వేలు నుంచి బండెడు చింతకాయలు దిగినాయి!"

"బద్వేలు నుంచి బండి ఎప్పుడొచ్చె మామా? దేవర అయిపోయింటాదే!"

"ఎద్దుల బండంటినా? లారీ! నడుమ మాట్లాడితే తన్నులు తింటావు జయరాజూ. డీజే వాడు ఊరందరికీ పంచినాడు, కమిటీ గూడా కలిసింది. ఆ కమిటీ గూడా నీ మాదిరి కమిటీనే గోపన్నా! ఆడోల్లు, మొగోల్లు, పండ్లు లేని ముసిలోల్లు, అంతా మా ముందర నిలబడి టక్కు టక్కు టక్కు. నా డ్రమ్ము సద్దు ఇనపల్లేదు, నాలికల సద్దే. ఏసేపన్నకు నోరూరింది. ఊరదా, మనిషి గదా? అయినా ఆపినాడనుకున్నావా? ఊదతానే ఉండాడు. నోట్లో నీళ్లు క్లారినెట్టులో పడి కింద నుంచి కారబట్టినాయి. బొట్టు బొట్టుగా గాదు, ధార! ఎండిపోయిన వంక నిండింది. వంక నిండి శెనగ చేన్లకు పారింది. ఆడోల్లు బిందెలు తెచ్చుకున్నారు. ఆ యేడు ఆ ఊర్లో చారుకు చింతపండు కొన్నోల్లు లేరప్పా, ఆ నీళ్లే కాచుకున్నారు!"

"థూ, ఎంగిలి! అది తాగినారా?" అంది గిడ్డమ్మ.

"పాట కలిసినాక ఎంగిలేంది! మన సీమలో నీళ్లొస్తే ఎంగిలి చూస్తారా? నవ్వగాకండి, నాకు మంటెత్తుతాది. ఇంగా అసలు సంగతి చెప్పలే. ఆ పాట గాలికి పోయి డోన్ జంక్షన్‌లో పడింది. గుంతకల్లుకు పోయే గూడ్సు నిలబడిపోయింది. పచ్చజెండా ఊపినా కదల్దు. ఏంరా అంటే డ్రైవరు చెప్పినాడంట, 'ఈ చరణం అయిపోనీ సార్, బండి దానంతట అదే తాళం ఏస్తాండాది' అని. చూస్తే నిజమే, పట్టాలు నా డ్రమ్ము దెబ్బకు దెబ్బ ఏస్తాండాయి! పెద్ద పెద్ద ఆఫీసర్లు ప్లాట్‌ఫారం మింద తువ్వాలు పరుచుకొని కూసున్న్యారు. ఆడ్నుంచి నల్లమల ఎక్కిందప్పా పాట. అహోబిలంలో సామి ఎంత ఉగ్రంగా ఉంటాడు? తెల్లారి అయ్యవారు తలుపు తీస్తే సామి నవ్వుతాండాడు. గోళ్లు లోపలికి ముడుచుకొని, తొడ మింద తాళం ఏసుకుంటా! ఆయనకు తెల్సు ఏసేపు ఎవురో. కొండకు తెల్సు, రైలుకు తెల్సు, ఎనుముకు తెల్సు. మన ఊరి కమిటీకి తెలీదు! వాళ్లకు బ్యాండు!"

మారెన్న కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కోపంతోనే. తువ్వాలుతో మొహం తుడుచుకుని గోపన్న ముందుకు వచ్చి చేయి చాపాడు.

"ఆ ఆకులు ఈడ పెట్టు గోపన్నా. ఈయప్ప చేతిలో పెట్టు. ఈ పొద్దు ఇయ్యకుంటే మేం ఇంగ లెయ్యం. ఇంగెవురూ పిలచరు మమ్మల్ని. కోట్లు అమ్ముకోవల్ల."

గోపన్న సంచి మూతి గట్టిగా పట్టుకున్నాడు. బెంచీ చివరికి తిరిగాడు. "ఏమప్పా ఏసేపూ, నువ్వు చెప్పు. చింతకాయల సంగతి నిజమేనా? ఒగ కాయన్నా చూపిచ్చినారా?"

"ఒగ కాయ గూడా లే" అన్నాడు ఏసేపు.

మారెన్న చేయి గాల్లోనే ఆగిపోయింది. "అన్నా..."

"నోరు ముయ్యి మారెన్నా. ఇంతసేపు నువ్వు మాట్లాడితివి, నేను ఇంటిని. నా పాట సాలకనే గదా నీ అబద్దం దానికి తోడు చేస్తాండావు? నాకేమన్నా మర్యాద అనుకున్నావా ఇది?" ఏసేపు టీ గ్లాసు ఠంగుమని బెంచీ మీద పెట్టాడు. "ఆ పొద్దు డీజే వాడు సద్దు తగ్గియ్యల్యా. మా తట్టు ఎవురూ రాల్యా. మారెన్న డ్రమ్ము మారెన్నకే ఇనపల్లే. నేను ఊదేది నాకే ఇనపల్లే. చేతేళ్లు ఆడేది చూసుకొని, ఈడ ఇంత అయింటాదిలే అని పాట ముగిస్తిమి. అయినా నడుమలో ఆపల్యా. నడుమలో ఆపితే పాటకు అవమానం గదా అని మొత్తం వాయిస్తిమి. అది చెప్పురా! అది సాలదా?"

పొయ్యి మీద పాలు పొంగబోతే గిడ్డమ్మ చూడకుండానే మంట తగ్గించింది.

"నేను క్లారినెట్టు పట్టినప్పటి నుంచి ఏ ఊరికి పోయినా చింతకాయ చూపిచ్చేవాడు ఒగడు ఉండేవాడు. నేను తిట్టేవాణ్ణి. చెప్పు తీసుకొని పరిగెత్తిచ్చేవాణ్ణి. జనం నవ్వేవాళ్లు. కొండకింద పల్లెలో చెట్ల నిండా కాయలుండాయి గోపన్నా. నేను పొద్దు గూకేదంక చూస్తి. ఊదతా ఊదతా ఆ చెట్ల తట్టే చూస్తి. ఎవడన్నా కోసుకొని వస్తాడేమో, నా ముందర నిలబడతాడేమో అని. ఒక్కడు రాల్యా." ఏసేపు గోపన్న వైపు తిరిగాడు. "చింతకాయ చూపిచ్చల్లన్నా మా తట్టు ఒగడు చూడల్ల గదప్పా!"

మారెన్న బెంచీ మీద కూలబడ్డాడు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

మలుపులో హారను వినిపించింది. దుమ్ము లేపుకుంటూ బస్సు వచ్చి అంగడి ముందు ఆగింది. డ్రైవరు కిందికి దిగకుండానే కిటికీలోంచి టీ అందుకున్నాడు. ఆ రోజు ఆలస్యమైందట. "డోన్, డోన్! రాండప్పా బిరీన!" అని కండక్టరు తలుపు మీద బాదాడు.

గోపన్న లేచాడు. సంచి భుజానికి తగిలించుకుని రోడ్డు దాకా నడిచాడు. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. మారెన్న ఆ వైపు చూడలేదు.

"ఎక్కు పెద్దాయనా, టైమయితాంది."

గోపన్న కాలు వెనక్కి తీశాడు. "పోండప్పా మీరు" అన్నాడు. బస్సు కదిలిపోయింది. ఆయన తిరిగి వచ్చి, గిడ్డమ్మను అడక్కుండానే చాటలోంచి ఒక చింతకాయ తీసుకున్నాడు. లావుది, పచ్చిగా నిగనిగలాడేది. సరిగ్గా ఏసేపు ముందు నిలబడి సగానికి కొరికాడు. పులుపుకు మొహమంతా ముడుచుకుపోయింది. ఒక కన్ను మూతపడింది. అయినా నాలుకతో టక్కుమని చప్పుడు చేశాడు.

"ఊదు" అన్నాడు. "ఇంటాండా. ఊదు చూస్తాం."

ఏసేపు ఆయన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత వంగి పెట్టె తెరిచాడు. క్లారినెట్టు ముక్కలు బిగించి, రీడు తడుపుకుని, బుగ్గలు పూరించాడు. గోపన్న మళ్లీ టక్కుమనిపించాడు. ఆ వెనక జయరాజ్ ఒక కాయ అందుకున్నాడు. గిడ్డమ్మ కూడా నోట్లో ఒకటి వేసుకుంది.

క్లారినెట్టులోంచి బుస్సుమని గాలి వచ్చింది. ఏసేపు గుటకేసి మళ్లీ ఊదాడు. మళ్లీ బుస్సే. రెండు పెదాల చివర్ల నుంచి నీళ్లు కారి గడ్డం మీద పడ్డాయి.

మారెన్న ఎగిరి లేచాడు. "చూస్తిరా! వంక! నేను చెప్పలే?"

"నీ వంక మొగం మండ!" ఏసేపు కాలి చెప్పు తీసి చేత్తో పట్టుకున్నాడు. మొహం ఎర్రగా కందిపోయింది, గడ్డం తడిసిపోయి ఉంది. "గోపన్నా! పెద్దమనిషివని గూడా చూడను, ఉమ్మెయ్! ఉమ్మేయప్పా ముందు, పాట ఎట్ల రావల్ల నాకు!"