డప్పు సిపాయి

ఫ్రాన్స్ దక్షిణాన ఓ కొండ ఊరు. ప్రొటెస్టెంటు మతం ఇక చెల్లదని రాజుగారు శాసనం చేసిన ఏడాది. పట్టు దారం తీసే ప్రొటెస్టెంటు ఎస్పెరీ వంటింట్లో ఆవిడా, ఊరి కాథలిక్ గురువూ.

"మాట మార్చకు ఎస్పెరీ. నీ ఇంట్లో దిగిన సిపాయి ఏడని అడుగుతున్నాను."

"మాటెక్కడ మార్చాను గురువుగారూ? గంజి చల్లారుతోందన్నాను. సిపాయిలు తినగా మిగిలింది అదొక్కటే."

"తాగుతాలే. బ్లేజ్ ఏడీ?"

"ఏ బ్లేజు? నలుగుర్ని దింపారుగా నా నెత్తిన. కోళ్ళు తిన్నవాడా, కుర్చీలు పొయ్యిలో పెట్టినవాడా?"

"డప్పు కొట్టేవాడు."

"ఓ, అతనా. పాపం."

"పాపమేమిటి? మతం మారతానని సంతకం పెట్టేదాకా నీకు కునుకు పట్టనివ్వొద్దని కదా వాణ్ణి పెట్టింది."

"కొట్టాడండీ. నాలుగు రోజులు చెవులు చిల్లులు పడేలా కొట్టాడు. ఐదో రోజు ఒళ్ళు మండి మా మతం కీర్తన ఎత్తుకున్నాను. పాడితే చెరసాలన్నారు. ఆ మోతలో వీధిలోకి ఏం వినపడుతుంది? మా అమ్మాయి మాడ్లెన్ కూడా గొంతు కలిపింది."

"ఊరంతా విన్నది డప్పేగా."

"డప్పే. వారం తిరిగేసరికి తాళం కుదిరింది. ఆ తర్వాత నేను చరణం మర్చిపోతే అతనే అందించేవాడు."

"ఎస్పెరీ."

"మీరడిగారనే చెబుతున్నాను."

"నీ కూతురేదీ?"

"వాళ్ళ పిన్నికి ఒంట్లో బాగోలేదంటే వెళ్ళింది."

"నేనూ ఈ ఊళ్ళోనే పుట్టాను. నీకు చెల్లెళ్ళు లేరు."

"అయితే మేనత్త అనుకోండి."

"దేశం దాటుతూ సరిహద్దు దగ్గర దొరికితే ఆడదానికి జీవితాంతం చెర. మగవాణ్ణి ఓడలో గొలుసేసి తెడ్డు వేయిస్తారు. తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ నవ్వుతావేం?"

"ఏడవాల్సిందంతా వాళ్ళు వెళ్ళిన ఈ పదహారు రోజుల్లో ఏడ్చేశాను. మతం మార్చడానికే కదా పంపారు? ఒకరు మారారు. మీ జాబితాలో రాసుకోండి. పేరు బ్లేజ్. రాసుకోరేం?"

"దారిలో సిపాయిలు ఆపితే, వీళ్ళు కాథలిక్ దంపతులని గురువు రాసిచ్చిన చీటీ చూపించాలి. అదెవరిచ్చారు?"

"నాకు చెప్పలేదు. తెలిస్తే కదా నేను నోరు జారేది."

"సరిహద్దు దాటి మీ మతంవాళ్ళ జెనీవా చేరారా?"

"సిపాయిల కెప్టెన్ అడిగి రమ్మన్నాడా?"

"అతను అడగమన్నది వేరు. సిపాయి ఎటు పోయాడో కనుక్కోమన్నాడు. డప్పు మోత పడలేక పారిపోయాడని చెబుతాను. ఇది నేనడుగుతున్నాను. పదహారు రోజులుగా నాకూ తిండి సయించడం లేదు."

"మీకెందుకంత బాధ?"

"ఆ చీటీ మీద సంతకం నాది. చెప్పు ఎస్పెరీ."

"చేరారండీ. నిన్ననే పట్టు వర్తకుడి చేత కబురొచ్చింది. ఇద్దరూ క్షేమం. కానీ గురువుగారూ, పెళ్ళికాని పిల్లని పట్టుకుని దంపతులని ఎలా రాశారు? అబద్ధం కాదూ?"

"అబద్ధం రాయడం నా చేత కాదు. అందుకే ముందు పెళ్ళి చేశాను."