ముందే పలికిన బండ

మారెక్క అని ఒకామె, శేషిరెడ్డి మేకలు మేపేది. ఆమె, ఆమెతోపాటు అవే మేకలు మేపే పోలి, ఇద్దరూ జతగా కొండకు పోయేటోళ్లు. ఒకే సంగటి ముద్ద తుంచుకొని తినేటోళ్లంట, అంత స్నేహం అనుకో. ఆ కొండ నడిమిన నున్నటి పెద్దబండ ఉన్నింది. కేకేస్తే మళ్లా పలుకుతాది. కొండలన్నీ పలుకుతాయి, దాంట్లో ఏముంది? ఏమైందంటే, ఒకనాడు మారెక్క మేకను పిలుద్దామని ఇంగా నోరే తెరవలేదు, బండ "ఓ బొల్లీ, రాయే" అనేసిందంట. అచ్చం ఈమె గొంతే. ఈమె బిత్తరపోయింది. అంతలోకే బొల్లిమేక ముళ్లకంపలో దూరితే, తెలీకుండానే "ఓ బొల్లీ, రాయే" అని అరిచింది. అరిచినాక బండ గమ్మునుండిపోయింది. పలకాల్సింది ముందే పలికేసింది గదా! పోలి అరిస్తే మామూలే. మారెక్క గొంతుకే ఈ చోద్యమంతా.

ఊళ్లో సైన్సు చెప్పే అయివారు గడియారం పట్టుకొని వచ్చినాడంట. "శబ్దం పోవాల, బండకు తగలాల, తిరిగి రావాల. ఇది పోకముందే వస్తాంది. ఇంగ ముందుది యాది, ఎనకది యాది?" అని తల పట్టుకున్నాడు. సరే, ఈ తూరి బండ పలికితే నువ్వు నోరు మూసుకో మారెక్కా, ఏమైతాదో చూద్దాం, అన్నాడు. బండ "అయ్యో నా కోక!" అనింది. ఈమె రెండు చేతులా నోరు మూసుకొని కూకునింది. ఎంతసేపు? ఎనకనుంచి మేకపోతు వచ్చి కొంగు నమిలేసింది. "అయ్యో నా కోక!" అయివారు నవ్వలేదంట. "బండ అనిందని నువ్వన్నావా, నువ్వంటావని బండ అనిందా?" అని అడిగినాడు. నాకేం తెలుసు సామీ, కోకైతే చినిగింది, అనింది ఈమె. మీరు నవ్వుకోండి, ఇప్పుడే నవ్వుకోండి. ఇంగ ముందర నవ్వేది లేదు.

రానురాను బండ ఇంకా ముందుకు పోయిందంట. గడియ ముందు పలికేది కాస్తా పూట ముందు, దినం ముందు. ఒకనాడు పోలి నీళ్లకు దిగిపోయింది, మారెక్క ఒక్కతే ఉన్నింది. బండ పలికింది: "పోలే పట్టుకపోయింది. నా కండ్లారా చూసినా." ఈమె గొంతే. ఛీ, నేనెందుకంటాను ఆ మాట, నా నాలిక తెగిపోనీ, అనుకునింది. పోలి బిందె ఎత్తుకొని వచ్చి "ఏమక్కా, మొగం అట్లుంది?" అంటే, "ఏం లేదులే, ఎండ" అనింది. చెప్పలేదు చూడండి. ఆడ చెప్పలేదు.

మూడో దినం మధ్యాన్నం పోలి నీళ్లకు దిగినప్పుడు మారెక్క కునుకు తీసింది. తోడేలు వచ్చి, రెడ్డి ముద్దుగా సాకుకునే మేకపిల్లను ఎత్తుకపోయింది. లేచి చూస్తే నెత్తురు చుక్కలు. భయంతో కాలితో వాటిమీద మన్ను తోసేసింది. రెడ్డికి ఎవురో చెప్పినట్లుంది, నలుగుర్ని వెంటేసుకొని కొండకే వచ్చి, బండ కింద నిలబడి, "యాడే నా మేకపిల్ల?" అని గుడ్లురిమినాడు. నిద్రపోయినా సామీ, అనే మాట ఈమె గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. ఇంకో మాట బయటికొచ్చింది. ఏ మాటో మీకు తెలుసు. పోలి పక్కనే ఉన్నిందంట. మారెక్క మొగంలోకి చూసింది, అంతే.

పోలిని మేకలకాడ్నుంచి మాన్పించేసినారు. బోరింగుకాడ ఆమె కడవను ఆడోళ్లు కాలితో పక్కకు జరిపేటోళ్లంట. పది దినాలకు మారెక్క పోలి గుడిసెకు పోయి, వాకిట్లోనే నిలబడి, "నా తప్పు కాదు పోలీ, ఆ మాట మూడు దినాల ముందే బండ అనేసింది, ఇంగ నేనేం చేసేది?" అనింది. పోలి చేతిలో చేట కింద పెట్టింది. "మూడు దినాల ముందే తెలుసునా నీకు? ఆ మూడు దినాలూ నా పక్కన కూకొని సంగటి తింటివి గదా" అనింది. అని తలుపేసుకునింది. ఆ దావంతా మారెక్క నేల చూసుకుంటానే నడిచింది.

తర్వాత దినామూ బండకాడ కూకొని కాచుకునిందంట. "తప్పు నాదే" అని అది ఒక్కతూరి అనేస్తే చాలు, ఇంగ తప్పదు గదా, నేనూ అనేస్తా, అని. ఆ మాటకు ఇంకో మాట అడ్డం రాకూడదని మేకల్ని కట్టెతో తోలేది గానీ నోరు తెరిచేది కాదు. బండ అనలేదు. నెల పాయె. బండ అనలేదు. ఆఖరికి ఈమే పోయి రెడ్డినీ, ఆ నలుగుర్నీ, పోలినీ పిల్చుకొచ్చి, "నేను నిద్రపోయినా. తోడేలు ఎత్తుకపోయింది. పోలి మీద అబద్ధం చెప్పినా" అనింది. అన్నాక బండ పలికింది. అన్ని బండల మాదిరే, ఎనక. "అబద్ధం చెప్పినా... చెప్పినా..." అని. అందరి ముందరా రెండోతూరి వింటాంటే నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించిందంట.

రెడ్డి మేకల్ని పోలికి అప్పజెప్పి ఈమెను మాన్పించినాడు. పోలి మాట్లాడకుండా ఏమీ లేదు. ఎదురైతే "బాగుండావా" అంటాది. నిలబడదు, అంతే. తప్పు ఒప్పుకుంటే అంతా సరిపోతాదని ఎవురన్నారో గానీ, వాళ్లు ఎప్పుడూ ఒప్పుకొని ఉండరు. ఏ ఊరు, ఏ కొండ అని మాత్రం నన్ను అడగొద్దండి. మారెక్క మా అవ్వ. చెప్పేటప్పుడు ఇప్పటికీ నాకే తల వంగిపోతాది.