లెక్కలమ్మ

లెక్కలమ్మ ఎవరంటావేంటే! మీ అమ్మ బతికి బట్టకట్టి నిన్ను కన్నదంటే ఆవిడ చలవే కదా. పిల్లల వార్డులో నర్సు. అసలు పేరు... నోట్లోనే ఉంది, రావట్లేదు. ఏ మంచం దగ్గరికొచ్చినా ముందు పిల్ల చొక్కా పైకెత్తి, చేతి గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే అంతే సంగతులు. మీ తాతయ్య ఓసారి "టైమెంతైందమ్మా?" అనడిగితే "నలభై ఒకటి!" అంది, చూపు తిప్పకుండా. ఆయన తెల్లమొహం వేశాడు.

ఏం చెబుతున్నాను? ఆఁ, మీ అమ్మ అప్పుడు ఏడు నెలల పిల్ల. ముక్కు కారుతుంటే రొంపేలే అనుకున్నాం. మూడో రోజుకి పాలు తాగదు, గొంతులో పిల్లికూతలు. ఎత్తుకుని పరిగెత్తాం. వార్డు నిండా అదే జబ్బు, మంచానికిద్దరు పిల్లలు. ఏదో వైరస్సట, దానికి మందు లేదట, తగ్గేదాకా ఊపిరి నిలబెట్టడమేనట. పిల్ల రెండు రోజులు ఒకటే ఏడుపు. మర్నాడు మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆపేసింది. హమ్మయ్య, గండం గట్టెక్కిందనుకుని దుప్పటి గడ్డం దాకా కప్పాను. అప్పుడే లెక్కలమ్మ డ్యూటీ దిగి, సంచీ భుజానేసుకుని వెళ్తూ మా దగ్గర ఆగింది. నేనేమన్నానో తెలుసా? "ష్! ఇప్పుడే పడుకుంది, లేపకండి." ఈ నోటితోనే అన్నానే. ఆవిడ వింటేగా! దుప్పటి లాగిపారేసింది. పిల్ల డొక్కలెగరేస్తోంది, గోళ్లు నీలంగా ఉన్నాయి. "పడుకోలేదమ్మా, అలిసిపోయింది! ఏడవడానికి కూడా ఓపిక లేదు దానికి" అంటూనే ఎత్తుకుని పరుగు. సంచీ నా కాళ్ల దగ్గరే పడిపోయింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, ఎంతసేపో. పక్క మంచంలో ఇంకో పిల్లాడు కూడా అలాగే... ఆ సంగతి వద్దులే. మీ అమ్మ నాలుగు రోజులు ఆక్సిజన్ గొట్టంతోనే ఉంది. ఐదో రోజు ఆకలికి గుక్కపట్టి ఏడిస్తే లెక్కలమ్మ నవ్వింది. ఆవిడ నవ్వడం అదే మొదటిసారి చూడ్డం. "ఊరుకోబెట్టకు, కాసేపు ఏడవనీ" అంది.

ఆవిడ పోయి ముప్పై ఏళ్లు దాటిందేమో పాపం. చేతికి ఆ గడియారం ఒక్కటే, గాజులు కూడా... అవునూ, ఉయ్యాల్లో నీ బుజ్జిగాడి గొంతు వినపడట్లేదేం? పొద్దున్నుంచీ దగ్గుతూ రాగం తీస్తున్నాడు కదా. పడుకున్నాడా? ఎప్పుడు? ఆ కిటికీ తెర తియ్యి. చొక్కా పైకెత్తు. నీ గడియారం ఇలా పట్టు. ఉష్, మాట్లాడకు. ఒకటి, రెండు, మూడు...